చేపు

నాలుగో రోజూ సేపనేదు బాబూ, అంది తవిటమ్మ
ఖాళీ చెంబు బోర్లించి చూపిస్తూ.
కాశీనగర్ దాటి, వంశధార ఇసకలో బండి తోసుకుంటూ
వచ్చాను నేను.
సంచిలో సూదిమందు, జేబులో ఒడియా రశీదు పుస్తకం.

గేదె నిలబడే ఉంది. కళ్ళలో తెల్లగుడ్డు కనబడుతోంది.
పెయ్య పొదుగు కుమ్ముతోంది, కుమ్ముతోంది,
ఉత్త మూతి చప్పరించి నావైపు చూస్తోంది
నేనే దాచేసినట్టు.

మొన్న రాత్రి ఏనుగులు.
లఖారి కొండల్నించి దిగి అరటితోటలో పడ్డాయి.
ఊరంతా డబ్బాలు, టపాకాయలు, ట్రాక్టరు హారను.
ఎవరో విసిరిన కాగడా
సాల పక్కన గడ్డివాములో పడింది.

బరంపురం ట్రైనింగులో నల్లబల్ల మీద గీశారు మాకు:
తలలోంచి ఒక రసం దిగితేనే పాలు దిగుతాయి.
భయం దానికన్నా ముందు దిగిందా
దారిలో నెత్తురు గొట్టాలన్నీ ముడుచుకుంటాయి.
బాణం గుర్తులు, రెండు రంగుల సుద్ద.
పరీక్షలో నాకు పదికి తొమ్మిది.
ఈ సూది పొడిస్తే కాసేపట్లో చెంబు నిండుతుంది,
భయం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.
ఎన్ని సాలల్లో పొడిచానో
రశీదులు చెబుతాయి.

మూత తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.
"దానికి బెదురు. బెదురుకి మందుందేటి నీ కాడ?"

అప్పుడొచ్చాడు ఫారెస్టు కుర్రాడు ఫిలిమోన్ గమాంగ్
భుజాన ఐసు పెట్టె, అందులో ఏనుగు పేడ.
ఎంత హడలిపోయాయో పేడలో తేలుతుందట,
భువనేశ్వరం పంపితే అంకె వస్తుందట.
గుంపులో ఒక బాలింత ఉంది సార్, మూడు నెలల గున్న,
కాళ్ళ సందున దాచుకుని
తెల్లారేదాకా ఏట్లోనే నిలబడింది.
ఏనుక్కి రొమ్ములు ముందుకాళ్ళ మధ్య, మనుషుల్లాగే.

తవిటమ్మ ఏమీ అనలేదు.
అరటితోట ఆవిడదే.
డబ్బా అందరికన్నా గట్టిగా కొట్టిందీ ఆవిడే.

చాలాసేపయ్యాక,
"దానికి సేపొచ్చిందేటి మరి?" అంది.
మేమిద్దరం పెట్టెకేసి చూశాం.

తర్వాత మమ్మల్ని బయటికి పొమ్మంది.
మొగుడి చేత బీడీ ఆర్పించింది.
పెయ్య వీపున చారెడు ఉప్పు రుద్ది
తల్లి మూతి ముందుకి తోసింది.
చెంబు లేకుండా కూర్చుంది,
డొక్కకి చెంప ఆనించి, ఏమీ అడగనట్టు.

గుమ్మం బయట నేను కాగితం నింపుతున్నాను.
రోగం పేరు అన్న గడిలో
రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి.
ఐసు పెట్టె అడుగునించి నీళ్ళు కారుతున్నాయి.

లోపల పెయ్య గుటక.
ఒకటి.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

అవతల కొండకింద ఎవరో
డబ్బా కొట్టడం మొదలెట్టారు.
తలుపు సందులోంచి చూశాను:
తవిటమ్మ లేచి
రెండు చేతుల్తో గేదె చెవులు మూసింది.