చిరునామా సరిగా లేదు

అంబత్తూరు ఎస్టేట్‌లో రేకుల షెడ్డు కింద
తిరిగొచ్చిన పార్సిళ్ల టేబుల్ నాది.
ఇంట్లో మాత్రం ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అని చెప్పాను.
నిజానికి నేను నొక్కేవి నాలుగు మీటలు:
తలుపు తాళం. మనిషి లేడు.
తీసుకోనన్నారు. చిరునామా సరిగా లేదు.
రోజుకు నాలుగు వందల సార్లు.
డెబ్బై ఎనిమిది శాతంతో బీకాం పాసైన వేళ్లు ఇవి.

కొరట్టూరు గదిలో రాత్రుళ్లు
ఫోన్‌లో రాజీనామా రాసుకుంటాను.
'గౌరవనీయులైన' తీసేస్తాను, మళ్లీ పెడతాను.
పద్నాలుగు నెలల్లో నేను శ్రద్ధగా చేసిన పని
అదొక్కటే.
పంపేలోపు ఒకటో తారీఖు వచ్చేస్తుంది.

ఎదుగుదల గురించి పెద్దసారు ప్రతి సోమవారం చెబుతాడు.
గోడ మీద పటంలో గీతొకటి పైకి పోతుంటుంది.
అందులో నేనెక్కడున్నానా అని వెతికాను:
కింది అంచున, మేకు దిగిన చోట.

టేపు అంటించే మరగదం అక్కకు ఇంగ్లీషు రాదు,
నాకు తమిళం రాదు.
మధ్యాహ్నం పెరుగన్నం గిన్నె పక్కకి జరిపి
చిరిగిన అట్టముక్క మీద మార్కర్‌తో
రోజుకో అక్షరం రాసిచ్చేది.
కొన్ని మన అక్షరాలకు దూరపు చుట్టాలు.
ఒకటి మాత్రం ఎంతకీ నోటికి రాలేదు.
ల కాదు, ళ కాదు, ర అసలే కాదు.
నాలుక మడిచి, వెనక్కి పంపి,
దేన్నీ తాకకుండా ఆపాలట.
నేను అరటి అనబోతే చేప అయ్యేది.
షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను,
అక్కడ చేరాక మొదటిసారి.

ఆగస్టులో ఒక పెట్టె మూడోసారి తిరిగొచ్చింది.
ముందువైపు ఇంగ్లీషులో వీధి పేరు,
దాని మీద మూడు ముద్రలు: అలాంటి వీధి లేదు.
నాలుగో మీట మీద వేలు పెట్టాను.
ఎందుకో తిప్పి చూశాను.
వెనక బాల్‌పెన్నుతో, వానకు అలుక్కుపోయి,
ఎవరో తమిళంలో రాశారు.
ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కున్నాను:
వా... ఆ తరవాత
అదే అక్షరం.
అరటితోట వీధి, తిరువొత్తియూరు!
'టైపు చేసినవాడు చేపలతోటకి పంపాడక్కా' అని అరిచాను.
డెలివరీ కుర్రాడు ఇళంగోకి ఫోన్‌లో చెప్పాను,
నాలుక మడిచి.
రెండోసారి చెప్పమనలేదు.

సాయంత్రం తెర మీద పచ్చగా ఒక మాట: చేరింది.
లోపల ఏముందో తెలీదు,
కుక్కర్ రబ్బరు కావచ్చు, చంటిపిల్ల బూట్లు కావచ్చు.
ఆరోజు నా లెక్క మూడు వందల ఎనభై ఒకటే అని
సూపర్‌వైజర్ ఎర్ర గీత గీశాడు.

ఈ ఉద్యోగం మీద ప్రేమ పుట్టిందని చెప్పను.
రాజీనామా ఫోన్‌లోనే ఉంది,
ఏదో రోజు పంపుతాను కూడా.
ఈలోగా ప్రతి పెట్టెనీ
ఒకసారి వెనక్కి తిప్పుతున్నాను.
లోకల్ రైల్లో, కిటికీ పక్కన,
ఎవరికీ వినబడకుండా
నాలుకను మడిచి, వెనక్కి పంపి,
దేన్నీ తాకకుండా
కాసేపు ఆపుతున్నాను.