ఒక్క చాలు

సారెమా దీవిలో అక్టోబరు.
నేల గడ్డకట్టేలోగా బంగాళాదుంపలు తవ్వెయ్యాలి.
వసంతం నుంచీ నాన్నా, తార్మో చిన్నాన్నా
ఎడమొహం పెడమొహం.
అయినా ఆ పాత ట్రాక్టరుకి ఒక్కడు చాలడు.
ఒకరు నడపాలి,
ఒకరు వెనక యంత్రం మీద కూచుని రాళ్ళు ఏరాలి.
మా నేలలో రాళ్ళు కూడా ఏటేటా పండుతాయి.

"ఆపు."
"పోనీ."
పొద్దుట్నుంచీ ఆ రెండే మాటలు,
మధ్యలో డీజిలు పొగ.

లెయిదా నానమ్మ బుట్టతో వెనకాలే వంగి
పార తగిలి తెగినవే ముందు ఏరుతుంది.
తెగింది నేలమాళిగలో నిలవదు,
పక్కదాన్నీ కుళ్ళబెడుతుంది,
ఈ రాత్రికే ఉడికిపోవాలి, అంటుంది
ఎవరి మొహమూ చూడకుండా.

నాకప్పుడు పదకొండేళ్ళు. గోళ్ళనిండా మట్టి.
కొంగలు బారులుగా అరుస్తూ దక్షిణానికి పోతుంటే
తలెత్తి చూసినందుకు తిట్లు తిన్నాను.

చీకటి పడింది. ఒక్క చాలు మిగిలింది.
నాన్న ఇంజను ఆపి, వెనక్కి తిరక్కుండానే
"చాలా?" అన్నాడు.
చిన్నాన్న ఎంతకీ పలకలేదు.
తర్వాత దిగొచ్చి, టార్చిలైటు వెలిగించి
దీపాల్లేని ట్రాక్టరు ముందు నడిచాడు.

ఆ చాలులో రాళ్ళు
ఎవరూ ఏరలేదు.