మూడో నంబరు

యార్డులో కాటాలు ఆగకముందే కబురొచ్చింది,
మన జట్టుకి సెంటర్ ఆటగాణ్ణి కొన్నారని.
కొన్నారనే అన్నాడు పానకాలు,
బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు తీసి
రంగు చూసే గుమాస్తా గొంతుతో.
రేపల్లె కుర్రాడు. ఏలియా. పంతొమ్మిదేళ్ళు.
ఇరవై వేలు చేతికి,
కోల్డ్ స్టోరేజీలో టోకెన్లు రాసే పని,
ఏడాదికో జత బూట్లు.

సాయంత్రం నా కుట్టుమిషను అరుగు మీద
ఏడుగురు చేరారు, ఎనిమిది అభిప్రాయాలతో.

"పొట్టోడు" అన్నాడు సుభానీ, ఆటో ఇంజను ఆపకుండానే.
"సెంటరంటే గోడ. వీడు కిటికీ."
కోటిలింగం సోడా కొట్టాడు,
గోలీ కిందికి దిగిందాకా ఆగి
"ఎడంచేతి వాటమంట.
కలిసొచ్చుద్దో, కాళ్ళకడ్డం పడుద్దో."
"ఇరవై వేలంటే క్వింటా తేజా కాయ!"
"తేజా అయినా నిలవుంటే రంగు దిగుద్ది."
"పొన్నూరులో చూశా నేను" అన్నాడు పానకాలు,
"నేలకి జానెడెత్తులో పోయే బంతిని
నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తాడు."
పానకాలు పొన్నూరెళ్ళింది బావమరిది పెళ్ళికని,
ముహూర్తమూ ఆటా ఒకే వేళకని
అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

ఎవరూ అనని పేరు ఇంకోటుంది.
నాగూర్ వలి.

పదకొండేళ్ళు.
ముందున్న ఇద్దరూ వదిలేసింది,
వెనకున్న ఇద్దరికీ అందనిది,
ఆ ఉన్ని బంతి
పచ్చ పిచికలా వచ్చి
వలి రాకెట్ మీదే వాలేది.
నర్సరావుపేట ఫైనల్లో
ముప్పై నాలుగు, ముప్పై నాలుగు మీద
మోకాలు మెలిపడిన చప్పుడు
గీత బయట కూచున్న నాకు వినబడింది.
బట్ట చిరిగిన చప్పుడది.
దర్జీవాణ్ణి, పొరబడను.

జెర్సీ నా దగ్గరికే వచ్చింది.
పేరు విప్పి కొత్త పేరు కుట్టమన్నాడు మేనేజరు,
మూడో నంబరు అట్టాగే ఉంచమన్నాడు.
ఏడాదికోసారి నడుం దగ్గర
వేలెడు వదులు చేస్తూ వచ్చింది నేనే.

రాత్రి బ్లేడు పెట్టి
ఒక్కో అక్షరం దారం తెంపాను.
పేరు పోయింది గానీ పేరున్న చోటు పోలేదు.
ఇన్ని ఎండల్లోనూ ఎండ తగలని మేర
బట్ట ఇంకా ముదురు రంగులోనే ఉంది.
ఏలియాకి అక్షరాలు తక్కువ.
ఎట్టా పరిచి చూసినా
పాత పేరు రెండు పక్కలా బయటికొస్తోంది.

మర్నాడు మునిసిపల్ స్కూలు గ్రౌండుకి అందరం పోయాం,
చూడ్డానికి కాదు, వంక పెట్టడానికి.
కుర్రాడు మొదటి బంతి వదిలాడు.
రెండోది రాకెట్ అంచుకి తగిలి
తుమ్మచెట్టు కిందికి పోయింది.
"చెప్పానా" అన్నాడు సుభానీ, ఆటోలోంచే.
తొడిమలు తీసే దానమ్మ
మంట చేతులు కొంగుకి తుడుచుకుంటా కసిరింది:
"కొత్త కోడలు అడుగు పెట్టిన పూటే
పులుసులో ఉప్పెక్కువంటారేంట్రా?"

అప్పుడు చూశాం.
స్తంభానికి ఆనుకుని వలి.
ఎప్పుడొచ్చాడో, ఎవరి బండి మీదొచ్చాడో.
మెల్లగా, కుడికాలు ఈడ్చుకుంటూ
కోర్టులోకి నడిచాడు.
కుర్రాడు నిలబడ్డ చోటికి మూరెడు వెనక
చెప్పు మడమతో
దుమ్ములో చిన్న గీత గీశాడు.
వాడి మొహం చూడలేదు, మా వైపూ చూడలేదు.
అంతే నడకతో స్తంభం దగ్గరికి తిరిగొచ్చాడు.

ఏలియా ఆ గీత మీదికి జరిగాడు.
అవతల నుంచి బలంగా కొట్టారు.
బంతి నేలకి జానెడెత్తులో వచ్చింది.

పానకాలు నోరు మెదపలేదు.
సుభానీ ఆటో ఇంజను ఆపేశాడు.

ఆట అయ్యాక జెర్సీ వేసి చూశాం.
నడుం దగ్గర నాలుగు వేళ్ళు వదులు.
కత్తిరించమన్నాడు మేనేజరు.
గుండుసూదులు పెట్టి గుర్తు చేసుకున్నాను,
కత్తెర తీశాను, మళ్ళీ పెట్టేశాను.
మిగిలిన బట్ట లోపలికి మడిచి
పొడుగు కుట్లు వేశాను,
లాగితే ఊడొచ్చేటట్టు.
పంతొమ్మిదేళ్ళోడు. రేపు వాడికీ నడుం రాదా?