అమ్మమాకు

నల్లపాడు రోడ్డు మలుపులోనే మొదలవుతుంది దగ్గు.
మిర్చియార్డు గేటు దాటేసరికి
మాచర్ల వాళ్ళకీ గార్ల వాళ్ళకీ అదొక్కటే.
ఘాటుకు యాస లేదు.

కొట్లో నా పని పద్దులు. ఈ మధ్య మెసేజీలు కూడా.
ధర పడిపోయిన ఆ బుధవారం
షావుకారు కాటా దగ్గర్నుంచే కేకేశాడు:
"మల్సూరుకు చెప్పమ్మాయ్, ఈ వారం అమ్మమాకని!"
ఇరవై మూడు మందికి పంపాలి.
ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టేశాను:
ఈ వారం అమ్మ మాకు
మధ్యలో ఆ ఖాళీ నేను వేశానో, ఫోనే వేసిందో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

అక్కడ చదివింది మేనల్లుడు.
"గింతే ఉన్నది మామా."
"గింతేనా?"
ఇద్దరూ ఆ ఖాళీ దగ్గర ఆగిపోయారట.
వాళ్ళ ఊళ్ళో వద్దంటే వద్దే.
మాకు అంటే మాకే: మా చేను, మా బర్రె, మా పిల్ల.
కాబట్టి ఆ వాక్యానికి చివర ఒక మాట తక్కువ.
ఆ మాట రాయడానికి
పాపం, ఆ పిల్లకు చెయ్యి రాలేదు.
ఫోన్ చేసి అడిగే సంగతా అది?

రాత్రి డోర్నకల్లో బండెక్కి, బెజవాడలో దిగి,
మొదటి బస్సు పట్టుకుని
ఎనిమిదింటికల్లా కొట్టు ముందు నిలబడ్డాడు మల్సూరు.
చేతిలో అరడజను అరటిపళ్ళు. భుజాన ఉతికిన తువ్వాలు.
"ఎట్లయింది బిడ్డా?"
ధర గురించేననుకున్నాను.
"ఉన్నట్టుండి పడిపోయిందండి.
మొన్న పొద్దున కూడా బాగానే ఉంది."
"దవాఖానకు తీస్కపోలేదా?"

అప్పుడు చూశాను ఆయన కళ్ళు.
మిర్చి ఎరుపు కాదది,
రైలు మెట్ల దగ్గర రాత్రంతా కూర్చున్న ఎరుపు.
ఫోన్ తీసి చూపించాడు. నా వాక్యమే.

ఏం చెప్పను? చెయ్యి పట్టుకుని
వెనక షెడ్డులోకి తీసుకెళ్ళాను.
ముక్కుకు చీరపేలిక కట్టుకుని
నలభై మంది ఆడవాళ్ళ మధ్య మా అమ్మ
తొడిమలు తీస్తోంది.
తువ్వాలు దించి మొహమంతా కప్పేసుకున్నాడాయన.
నవ్వాడో ఏమో. ఈలోగా అందరం దగ్గాం.

అంతా విని అమ్మ నాతో అంది:
"నోరు నీదే. అవతలాయన చెవి కూడా నీదేనా?"
ఆయన వైపు తిరిగి,
"అన్నం తినకుండా వెళ్ళమాకు అన్నా" అంది.
మల్సూరు లేచి నిలబడ్డాడు.
వెళ్ళ... మాకు... లోపలే కూడబలుక్కుని
నా చెవిలో అడిగాడు,
"పొమ్మన్నట్టా, ఉండుమన్నట్టా?"
అమ్మ పీట జరిపింది.

సరుకా? అమ్మలేదు.
వచ్చే తొందరలో కల్లంలో రాశి రాశిగానే వదిలేశాడు.
షావుకారు చెప్పింది జరిగింది,
నేను రాసింది జరక్కపోయినా.

అప్పట్నుంచీ తెలుగు అక్షరాల్లోనే కొడుతున్నాను.
అమ్మవద్దు. శుక్రవారం దాకా ఆగండి.
పంపేముందు ఒకసారి గార్ల నోటితో,
ఒకసారి ఆదోని నోటితో గొణుక్కుంటాను.
పక్క గుమాస్తా నవ్వుతాడు, షావుకారు విసుక్కుంటాడు.
నాకూ లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది.
బతిమాలినట్టూ, కసిరినట్టూ ఒకేసారి పలికే మాకు,
మా అమ్మ నన్ను పెంచిన మాకు
(ఏడవమాకు, పరిగెత్తమాకు, చీకట్లో ఒక్కదానివే రామాకు)
రాతలో రాకుండా చేసింది నేనే.

నిన్న సాయంత్రం ఆయన నుంచి మెసేజీ,
పాత పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాల్లో:
అమ్మకు చెప్పు
అంతే ఉంది.
అమ్మకా? సరుకు అమ్మకనా?
చివర ఇంకో మాట రావాలా?

ఈసారి ఫోన్ చేశాను.
"ఏం చెప్పాలండీ?"
అవతల కల్లంలో గాలి. ఒక దగ్గు.
"యాది జేసిన్నని జెప్పు," అన్నాడు.
"ఇంకేముంటది బిడ్డా."