ఇంట్లో పేరు

ఆమదాలవలస నుంచి దాలినాయుడు తాత
స్టీలు క్యారేజీలో తెచ్చాడు వాటిని.
కింది గిన్నెలో పేడ, పై గిన్నెలో ఎర్రలు.
బస్సులో పక్క సీటామె
"ఏం కూర తాతా?" అనడిగిందట.

శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల జంక్షన్‌కి కూతవేటు దూరంలో
మేడ మీద అద్దె వాటా మాది.
మేకు కాల్చి టబ్బుకి చిల్లులు పొడిచాను.
కొబ్బరిపీచు, చింపిన పాత పేపర్లు,
మీద తడిపిన గోనె.

మొదటి వారం ప్రేమ ఎక్కువై
మిగిలిపోయిన పులిహోర పెట్టేశాను.
తెల్లారేసరికి బాత్రూం గుమ్మం దాకా
ఎర్ర దారప్పోగుల్లా పాకి, ఎండి
సగం చచ్చిపోయాయి.
"పులుపొద్దు, ఉప్పొద్దు, కారమొద్దు.
బాలింతకి పెట్టినట్టు పెట్టాలమ్మా" అన్నాడు తాత.

అప్పట్నుంచీ పత్యమే.
అరటితొక్కలు, వడకట్టిన టీపొడి, ఆనపకాయ గుజ్జు,
తొనలు వొలిచాక మిగిలిన పనస పీచు.
బీరతొక్కు మాత్రం ఇవ్వను.
అది నా పచ్చడికి.

ఎదురు వాటా తవిటమ్మగారు
ముక్కు మూసుకునే వచ్చింది.
"ఏటమ్మా, మేడ మీద గెత్తం పోగేటి?"
గోనె ఎత్తి చూపించాను.
వంగింది. ముక్కు మీద చెయ్యి
దానంతటదే దిగింది.
నాగావళి ఒడ్డున తొలకరి వాసన. అంతే.

"నన్ను తవుడికి కొన్నారు" అంది కాసేపటికి,
నేనడక్కుండానే.

ఆఫీసు రిజిస్టర్లో నేను హేమలత.
ఒకటో తరగతి మేష్టారు పెట్టిన పేరది.
నా ముందు ముగ్గురు
పురుటి వాసన పోకుండానే మట్టిలోకి వెళ్ళిపోయారు.
నేను పుట్టగానే చేటలో వేసి
పెరటి పెంట మీద పెట్టి
అటు తిరిగి నిలబడిందట అమ్మ.
"ఇది మా పిల్ల కాదు, తుక్కు" అంటూ
వినాల్సినవాడికి వినబడేట్టు.
తుక్కునెవడు ఎత్తుకుపోతాడు?
పొరుగింటావిడ తెచ్చి ఇస్తే
ఎవరి పిల్లో అన్నట్టు తీసుకుందట.

"పెంటమ్మా!" అని అమ్మ
బడి గేటు ముందు కేకేస్తే
ఎవర్నో పిలుస్తున్నారన్నట్టు నడిచేదాన్ని.
అమ్మ పోయి పదకొండేళ్ళు.
ఇంకెవరూ అలా పిలవలేదు.

ఇదంతా తవిటమ్మగారికి చెప్పాను.
"ఓలమ్మా, నువ్వూనా!" అని
టబ్బు అంచు పట్టుకుని నవ్వింది.
ఎర్రలు ఉలిక్కిపడి లోపలికి దూరాయి.

రెండు నెలలకి
అంతా టీపొడిలా నల్లగా, పొడిపొడిగా అయింది.
ఎర్రల్ని ఒక పక్కకి జరుపుతుంటే
నేను నాటని మొలక,
నెత్తిన ఇంకా గింజ టోపీ.
ఆనపో, గుమ్మడో,
రెండాకులప్పుడు చెప్పలేం.
పీకి కుండీలో పెట్టబోయి
ఆగాను.

వంటింట్లోంచి చేట తెచ్చి
మట్టితో సహా అందులో ఉంచి
గెత్తం మీద పెట్టి,
ఎవరైనా చూస్తున్నారేమోనని మెట్ల వైపు చూసి,
ఒక్క నిమిషం
అటు తిరిగి నిలబడ్డాను.