డిట్టో

దరఖాస్తులో మొదటి గడి: అర్జీదారు పేరు.
యుహిమ్ కొస్త్యుక్, అని రాశాడు
నాగలి పట్టిన చేత్తో, ఒక్కో అక్షరాన్నీ దున్నుతూ.
రెండో గడి: పోస్టాఫీసుకి, ఊరికి పెట్టదలచిన పేరు.
తన పేరే ఉండాలని ఆశ.
మళ్ళీ అంత పేరూ రాయాలంటే బద్ధకం.
"డిట్టో" అని ఊరుకున్నాడు.
ఒట్టావాలో గుమాస్తా తు.చ. తప్పలేదు,
ముద్ర కొట్టి పంపాడు.

అలా సస్కాచెవాన్ మైదానంలో, రైలు పట్టాల పక్కన
మా ఊరు పుట్టింది.
చచ్చేదాకా యుహిమ్ ఆ పోస్టాఫీసు గుమ్మం తొక్కలేదట.
ఉత్తరాలు కూతురే తెచ్చేది.

ఎండాకాలం కుర్రాళ్ళు కార్లాపి
బోర్డు పక్కన ఫొటో దిగుతారు.
ఏటా ఒకసారి బోర్డే ఎత్తుకుపోతారు.
కొత్తది రాసేది నేనే.
పాతదానికి మక్కికి మక్కి,
జనాభా దగ్గర మాత్రం ఎవర్నైనా అడుగుతాను.

పేరుకు తగ్గ ఊరే, కాదనను.
గోధుమ, పక్కన గోధుమ, దాని పక్కన గోధుమ.
ధాన్యం గిడ్డంగి నీడ మధ్యాహ్నానికి
అదే బెంచీ మీద, అదే ముసలాళ్ళ మీద,
వాన గురించి అదే మాట మీద.

మా పరస్కా వాతావరణ శాఖకి
నలభై ఒక్క ఏళ్ళుగా చిట్టా రాస్తోంది.
చలి ఎంత, గాలి ఎటు, కొత్త మంచు ఎంత.
నిన్నటిలాగే ఉంటే రెండు చిన్న గీతలు.
జనవరి పేజీలు చూడాలి:
పిచ్చుక మంచులో నడిచివెళ్ళినట్టు
పైనుంచి కిందిదాకా జంట గీతలే.

నెలాఖరున ఆ పుస్తకం టపాలో వేసేది నేను.
పోయిన జనవరిది విప్పాను, విప్పకూడదు గానీ.
పన్నెండో తేదీ: మైనస్ ముప్పై ఒకటి.
వాయవ్యపు గాలి. కొత్త మంచు లేదు.
ఆ రాత్రే వాళ్ళాయన మెథోడీ పోయాడు,
బూట్లు విప్పుకుంటూ,
రెండోది ఇంకా కాలికి ఉండగానే.

పదమూడు. చలి అంతే, గాలి అటే,
నేనూ ఊళ్ళోనే ఉన్నాను, నాకు తెలుసు.
గీతలు లేవు.
మైనస్ ముప్పై ఒకటి, అని రాసింది, అక్షరాల్లో.
వాయవ్యపు గాలి, అని రాసింది.
కొత్త మంచు లేదు, అని రాసి
"లేదు"ని ఇంకోసారి దిద్దింది.

పద్నాలుగు నుంచి మళ్ళీ గీతలు.

మంచు కరిగింది.
ఈ ఏడు బోర్డు ఇంకా ఎవరూ ఎత్తుకుపోలేదు.
రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాను.
నూట పద్నాలుగుని నూట పదమూడు చెయ్యాలి.
నాలుగుకి గీత కలిపితే మూడు కాదు.
మొత్తం చెరపాల్సిందే.