ఆరు సెంటీమీటర్ల ఖాళీ

రాత్రి పదకొండూ నలభైకి ఫోన్ మోగింది.
సిటీ పేజీ అప్పటికే సగం అతికించాం,
బ్రోమైడ్ మీద జిగురు ఇంకా తడి.

బొల్లారం నుంచి.
ఇస్త్రీ చేసిన గొంతు. తెలుగువాడే, తెనాలి వైపు యాస.
"ఇది ఆదేశం కాదండీ," అన్నాడు,
"విజ్ఞప్తి మాత్రమే.
కాస్త సంయమనం పాటిస్తే బాగుంటుంది."

సంయమనం.
కర్ఫ్యూ సడలించిన రోజుల్లో వాడతాం ఆ మాటని,
పేర్లు రాయకుండా "ఒక వర్గం" అని సర్దేటప్పుడు.
ఆకాశానికి వాడటం అదే మొదటిసారి.

వార్త చిన్నదే.
అల్వాల్ విలేకరి సంగప్ప సైకిలు మీద తెచ్చాడు,
చిట్‌ఫండ్ రసీదు వెనక రాసి.
మౌలాలి గుట్ట మీద మూడు వెలుగులు,
తెల్లారుజామున నాలుగింటికి.
చప్పుడు లేదు, తోక లేదు,
ఉప్పురాయి తెలుపు.
చూసింది ఎర్పుల బుగ్గమ్మ, మునిసిపాలిటీ స్వీపరు.

ఆమె మాటల్ని సంగప్ప దిద్దలేదు:
"నేను నేలను జూసి బతికేదాన్ని సారూ.
ఇరవై ఏండ్ల సంది మొగులు దిక్కు తలెత్తింది లేదు.
ఆ పొద్దు నా చీపురు నీడ
నా ముంగట మూడై పడ్డది.
గప్పుడు జూసిన."

మూడు నీడల చీపురు!
పదిహేడేళ్ల డెస్కులో
అంత మంచి వాక్యం నా చేతికి రాలేదు.
కత్తి తీసి దాన్ని నేనే కోశాను.

ఎవరూ నన్ను బెదిరించలేదు, ఆ మాట చెప్పుకోవాలి.
బెదిరిస్తే వేసేవాణ్ణేమో.
ఆయన భోజనం అయిందా అని అడిగాడు,
ఎడిటరు గారి మోకాలినొప్పి గురించి అడిగాడు,
దేశం అనే మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆరు సెంటీమీటర్ల ఖాళీ.
ఏం పెట్టమంటారని అడిగాడు నయీముద్దీన్, కత్తెర చెవులకి వేళ్లు దూర్చి.
రేపు మంజీరా నీళ్లు రావు. అది పెట్టాం.
ఇంకా ఒకటిన్నర మిగిలితే
తప్పిపోయిన గేదె ప్రకటన, డబ్బు కట్టనిది, వేశాం.
నుదుటి మీద తెల్ల మచ్చ.
ఆచూకీ చెప్పినవారికి తగిన బహుమానం.

వారం తర్వాత బుగ్గమ్మ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఉంది.
ఏడు పేపర్లు, మడత చెదరకుండా, చంకలో.
"మనుమనితోని అన్ని పేజీలు సదివిచ్చిన.
బర్రె ముచ్చట ఉన్నది. నీళ్ల ముచ్చట ఉన్నది.
అయితే నేను జూడలేదా సారూ?"

చాయ్ తాగమన్నాను.
సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ తాగింది,
తల పైకెత్తకుండా.
పేపర్లు అక్కడే వదిలేసి పోయింది.

ఆ రాత్రే మళ్లీ ఫోన్.
అదే గొంతు, ఈసారి ఇస్త్రీ లేదు.
"మీవాడేమైనా రాశాడా అండీ...
అవి ఎటు పోయాయో?"
గ్లాసు కింద పెట్టిన చప్పుడు.
"ఆ తెల్లారుజామున నేను వరండాలోనే ఉన్నాను.
నాకు రెండే కనబడ్డాయి."

రసీదు కోసం సొరుగులన్నీ లాగాను.
బల్ల కింద బుట్ట ఖాళీ.
పొద్దున్నే ఎవరో ఊడ్చేశారు.

"వెయ్యలేదు కదండీ," అన్నాను,
"వెయ్యని వార్తకి దిక్కులుండవు."

ఆయన ఫోన్ పెట్టలేదు.
నేనూ పెట్టలేదు.
తీగ పొడుగునా, బొల్లారం దాకా,
సంయమనం గుయ్‌మంటోంది.